గోనె మీద నాలుగు పిస్టన్లు

నేను చదివింది మూడో తరగతి. పిస్టన్లు కడగడానికి అంతకంటే చదువు అక్కర్లేదనుకునేదాన్ని. అబిడ్స్‌లో ఒక టాక్సీ ఇంజను పట్టేసిన తర్వాత తెలిసింది, మన చదువు సంగతి ఎలా ఉన్నా ఎదుటివాళ్ళు ఏ చదువు చదివారో తెలిసి ఉండాలని.

రాష్ట్రం ఒకటైన మరుసటి ఏడాది మా ఆయన వెంట తెనాలి నుంచి హైదరాబాదు వచ్చాను. అక్కడ ఆయన లారీల కింద పడుకుని పానాలు తిప్పేవాడు. ఇక్కడ నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక పెద్దమనిషి కార్ల ఇంజన్లు విప్పి బాగుచేసేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. మా ఆయన ఆయన దగ్గర కుదిరాడు. షెడ్డు వెనకే ఒక గది మాకిచ్చారు. గది ముందు షాబాదు బండలు పరిచిన కాస్త జాగా, ఆ జాగాలో ఒక కుళాయి. షెడ్డుకీ మా సంసారానికీ మధ్య గోనెపట్ట పరదా. పరదాకి ఇవతల చారు కాగేది, అవతల ఇంజను నూనె కాగేది. రెండు వాసనలూ కలిసి పిల్లల బట్టలకు పట్టేవి. బడిలో పక్క పిల్ల జరిగి కూర్చుంటోందని మా పెద్దది ఏడ్చేది. ఉతికి ఉతికి నా చేతులు పోయాయి కానీ ఆ వాసన పోలేదు.

ఉస్తాద్ పాత హైదరాబాదు మనిషి. ఇంట్లో మాట తెలుగే, చదువు మాత్రం మొత్తం ఉర్దూ. మధ్యాహ్నం చాయ్ తాగుతూ ఉర్దూ పేపరు చదివేవాడు. మనకు ఆఖరి పేజీ అనిపించేది ఆయనకు మొదటి పేజీ. నేను బాబాయిగారూ అంటే మొదట్లో నవ్వాడు.

"బాబాయి ఏంది బిడ్డా? కాకా అను, సాలు."

"మా వైపు అలాగే అంటామండీ."

"గట్లనే అను తియ్. ఉస్తాద్ ఉస్తాద్ అనీ అనీ నా చెవులు గూడ అరిగిపోయినయ్."

షెడ్డులో సామాను కడిగే మనిషి ఒకరోజు జ్వరమని ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. రెండు రోజులకని ఆ పని నేను పట్టుకున్నాను. ఆ రెండు రోజులు పద్దెనిమిదేళ్ళయ్యాయి.

పిస్టన్ ఎరగని వాళ్ళకు చెబుతాను. పెద్ద గ్లాసు బోర్లించినట్టు ఉంటుంది. ఇంజనులో బోరు అనే గుండ్రటి గొట్టంలో అది పైకీ కిందికీ ఆడుతుంది. దాని నెత్తి దగ్గర చుట్టూ గాడులుంటాయి. ఆ గాడుల్లో రింగులు తొడుగుతారు, చేతికి గాజులు తొడిగినట్టే. గాజుకీ రింగుకీ తేడా ఒకటే, రింగు ఒకచోట తెగి ఉంటుంది. ఆ తెగిన చోట సందు ఎంత ఉండాలో అంతే ఉండాలి. ఎక్కువైతే నూనె పైకెక్కి పొగ పెడుతుంది. తక్కువైతే ఇంజను వేడెక్కి రింగు సాగినప్పుడు రెండు కొసలూ ఢీకొని, బోరు గోడను గీరి, ఇంజను తిరగకుండా బిగుసుకుపోతుంది. దాన్నే పట్టేయడం అంటారు. ఇదంతా నేను పుస్తకంలో చదివింది కాదు. పరదా ఇవతల కూర్చుని బియ్యం ఏరుతూ విన్నది.

కడగడం అంటే కడవ కడిగినట్టు కాదు. కిరసనాయిల్లో నానబెట్టాలి. నెత్తి మీద గట్టిపడిన మసిని విరిగిన రంపపు ముక్కతో గీకాలి, కానీ కింద లోహానికి గీత పడకూడదు. గాడుల్లో మసి రంపానికి అందదు. పాత రింగు ముక్క ఒకటి విరిచి, దాని కొసతో చుట్టూ తోడాలి. ఒక్కో పిస్టనుకీ గంట పట్టేది. వంగి వంగి నడుము చెక్కలా అయ్యేది. గోళ్ళ కింద నలుపు పెళ్ళిళ్ళకు వెళ్ళినా పోయేది కాదు. వడ్డన అప్పుడు చేతులు కొంగు కింద దాచుకుని మరీ వడ్డించేదాన్ని.

ఉస్తాద్ నాకు పెట్టిన నియమం ఒక్కటే.

"ఒకటి కడిగి గోనె మీద దాని జాగల పెట్టినంకనే ఇంకోటి తియ్యాలె. రెండు చేతులల్ల రెండు పట్టుకున్నవంటే ఊకోను, చెప్తున్న."

"నాలుగూ ఒకేలా ఉన్నాయి కదా బాబాయిగారూ!"

"నీ ఇద్దరు ఆడపిల్లలు గూడ నాకు ఒక్క తీర్గనే కనపడ్తరు. ఒకదాని లంగ ఇంకోదానికి తొడుగుతవా?"

ఏ పిస్టన్ ఏ బోరులో అరిగిందో ఆ బోరులోకే పోవాలి, అదీ సంగతి. వేరే షెడ్లలో గుర్తు కోసం కిందిభాగాన చిన్న చిన్న గంట్లు కొట్టేవారట. ఉస్తాద్ ఒప్పుకునేవాడు కాదు. యాది లేనోడే గంట్లు కొడతడు అనేవాడు. ఆయన లెక్క అంతా గోనె మీద వరస. ఇంజనులో ఒకటో బోరు ఏదో అందరికీ తెలుసు, రేడియేటరు వైపున్నది. అక్కడినుంచి రెండు, మూడు, నాలుగు. విప్పిన పిస్టన్లను అదే వరసలో గోనె మీద పేర్చేవాడు. ఉస్తాద్ గోడకు వీపు ఆనించి పీట మీద కూర్చునేవాడు. మా ఆయన గోనెకు ఎదుటి పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఐదేళ్ళు అలాగే కూర్చున్నారు. నట్లు విప్పడం, క్రాంకు తిప్పడం, బరువులెత్తడం మా ఆయన పని. రింగులు కొలవడం, పిస్టన్లు దింపడం, ఇంజను కట్టడం ఉస్తాద్ పని. దాని మీద ఇంకో చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

అలాంటి మనిషికి కళ్ళు మసకలు కమ్మాయి. మా వైపు శుక్లాలంటారు, ఆయన మోతిబిందు అనేవాడు. రింగు సందు కొలవడానికి తాళంచెవుల గుత్తిలా పలుచటి రేకుల కట్ట ఒకటి ఉంటుంది, గేజి అంటారు. ఆ రేకుల మీద అంకెలుంటాయి. గేజిని ముక్కుకు ఆనించుకుని చదవడం చూశాను. తర్వాత చదవడం కూడా మానేశాడు. బొటనవేలితో తడిమి ఏ రేకు ఏదో చెప్పేవాడు. మాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో దవాఖాన నుంచి పిలుపొచ్చింది. ఆపరేషను చేసి పది రోజులు కళ్ళకు కట్టు కట్టి పడుకోబెడతారు. వెళ్ళేముందు రోజు షెడ్డులో ఒక టాక్సీ ఉంది. ఉస్తాద్ దాని ఇంజను విప్పి, బోర్లు చూసి, రింగులు మారిస్తే చాలన్నాడు. ఒకటో బోరు కాస్త వదులు, నాలుగోది బిగువు, నడిమి రెండూ దాదాపు సమానం అన్నాడు. ఒక్కో కొత్త రింగునూ దాని బోరులో పెట్టి, సందు కొలిచి, ఆకురాయితో కొసలు అరగదీసి, మళ్ళీ పెట్టి కొలిచి, సాయంత్రం దాకా అదే పని. ఏ పిస్టన్ రింగులు ఆ పిస్టన్ పక్కనే గోనె మీద పెట్టాడు. చేతులు తుడుచుకుని మా ఆయన్ని పిలిచాడు. నేను పరదా పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఇగ చూడు. షెడ్డు కిరాయికిచ్చిన ఇంటాయన ఈ జాగ బట్టల గోదాముకు అడుగుతున్నడు. నాకు శాతనైత లేదు. ఈ ఇంజను నువ్వు కట్టు. నేను వచ్చేదాంక బండి మంచిగ నడిస్తే షెడ్డు నువ్వే చూస్కో, కాయితం నీ పేర మార్పిస్త. పొగ పెట్టిందో, పట్టేసిందో, తాళంచెవి ఇంటాయనకిస్త. ఇంజను కట్టే చెయ్యి లేకుంటే గిది షెడ్డెట్లయితది? గోదామే."

మా ఆయన తల ఊపాడు, అంతే. గదిలోకొచ్చి మంచినీళ్ళడిగి తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. షెడ్డు పోతే గదీ పోతుంది. తెనాలిలో మాకు పొలమూ లేదు, పిలిచేవాళ్ళూ లేరు. మా పెద్దది అప్పుడే రెండో తరగతిలోకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే నేను కడగడానికి కూర్చున్నాను. రింగుల కొసలకు ఆకురాయి పొడి ఉంటుంది కాబట్టి పిస్టన్నూ దాని రింగుల్నీ కలిపే గిన్నెలో వేసుకుని తెచ్చుకున్నాను. మూడోది చేతిలో ఉండగా కుళాయి వచ్చింది. ఆ గల్లీలో కుళాయి రావడమంటే మాటలు కాదు. వచ్చినప్పుడు పట్టుకోకపోతే ఆ పూటకి అంతే. గిన్నె బండ మీద పెట్టి బిందెలు నింపాను, బకెట్లు నింపాను, ఆఖరికి చెంబులు కూడా నింపాను. తిరిగొచ్చి మూడోదాన్ని తుడిచి పెట్టాను. నాలుగోదీ కడిగి పెట్టాను. అంతా సరిగ్గానే పెట్టాననుకున్నాను.

మా ఆయన తలస్నానం చేసి వచ్చాడు. ఉస్తాద్ పీటను తాకి చెయ్యి కళ్ళకద్దుకుని, గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ పీట మీద కూర్చోవడం అదే మొదలు. సామాను అందించడానికి నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. ఒకటోది తీసుకున్నాడు. రింగులు తొడిగాడు, తెగిన సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా తలోవైపు తిప్పాడు. నూనె పూశాడు. రేకు పట్టీతో రింగుల్ని నొక్కి బిగించి, బోరు మీద నిలబెట్టి, సుత్తి కర్రతో నెమ్మదిగా తట్టాడు. డుబ్, డుబ్ మని లోపలికి దిగింది.

"ఒకసారి బోరులో రింగు పెట్టి సందు చూడరా? ఆయన ప్రతిసారీ చూసేవారుగా" అన్నాను.

"ఉస్తాద్ నిన్న చూసిందేగా. మళ్ళీ నేను చూస్తే ఆయన్ని నమ్మనట్టు కాదూ? అలా అనకు."

సాయంత్రానికి ఇంజను కట్టాడు. కాస్త బిగువుగా తిరిగింది. కొత్త రింగులు బిగువుగానే ఉంటాయన్నాడు.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం గల్లీ మొదట్లోనే కేకలు వినిపించాయి. టాక్సీ అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు పట్టేసిందట. అంతకుముందే పొగ పెట్టుకుంటూ వెళ్ళిందట. డ్రైవరు ఒక లావుపాటి మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది. ఆ పూట పాన్ కూడా ఉమ్మేసి వచ్చాడు.

"ఓ ఆంధ్రా ఉస్తాద్! రింగులేసినవా, గాజులేసినవా? నడిబజార్ల నా ఇజ్జత్ తీసినవ్. బస్సుల ఉన్నోళ్ళంత తలకాయలు బైట పెట్టి చూస్తున్నరు. లోపల పెండ్లిబట్టలు కొననీకి వచ్చిన ఆడోళ్ళు. దిగి నడుస్త పోయిన్రు, శాపనార్థాలు పెట్టుకుంట!"

మా ఆయన అతని వెంట అబిడ్స్ వెళ్ళాడు. ఆ ఎండలో ఇద్దరూ బండిని తోసుకుంటూ నాంపల్లి దాకా తెచ్చారు. వచ్చేసరికి మా ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. మజ్జిగ ఇస్తే ముందు డ్రైవరుకిచ్చాడు. అతను తాగి, గ్లాసు తిప్పి చూసి, "నువ్వు గూడ తాగు. సచ్చిపోతవ్" అన్నాడు.

మా ఆయన ఇంజను విప్పాడు. నాలుగో పిస్టన్ రింగుల కొసలు అద్దంలా మెరుస్తున్నాయి. ఒకదాన్నొకటి ఢీకొని మెరుగెక్కాయి. బోరు గోడ మీద నిలువునా గీతలు. ఒకటోది చూస్తే సందు నా గోరు పట్టేటంత. మా ఆయన వాటిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే వచ్చి కంచం ముందు కూర్చుని అన్నాడు:

"కళ్ళే. నాలుగోదాన్ని చాలినంత అరగదీయలేదు. ఒకటోదాన్ని మరీ అరగదీశాడు. ఆయన కళ్ళు కనబడక చేసిన పని."

"అయితే చెప్పండి ఆయనకి."

"ఏమని? ఆపరేషనయి కట్టుతో వచ్చే మనిషికి, ఉస్తాద్ మీ చెయ్యి తప్పిందని చెప్పనా? నేనే చెడగొట్టానని చెప్తా."

"షెడ్డు పోతుంది."

"పోతే పోతుంది."

నేను కంచం పక్కకు జరిపాను. ఎందుకంటే నా మనసులో వేరే ఉంది. బండ మీద పెట్టిన ఆ గిన్నె. మూడోది చేతిలో ఉండగా కుళాయి వచ్చింది సరే, అప్పటికే నాలుగోదాన్ని కూడా తెచ్చేశానా? రెండోది అప్పటికి గోనె మీద పెట్టానా? ఎంత తవ్వుకున్నా బిందెల చప్పుడే గుర్తొచ్చేది. నేనే కలిపేశాననుకున్నాను. ఆ మాట మా ఆయనకు చెప్పలేకపోయాను. చెబితే ఆయన మళ్ళీ అదీ తన మీదే వేసుకుంటాడు. వారం రోజులు ఆ షెడ్డులో విప్పిన ఇంజను అలాగే ఉంది. డ్రైవరు రోజూ పొద్దున్నే వచ్చి, బండి డోరు తెరుచుకుని వెనక సీట్లో పడుకుని, సాయంత్రం లేచి వెళ్ళేవాడు. మొదట తిట్టేవాడు. తర్వాత తిట్టే ఓపిక కూడా పోయింది. మా పిల్లలు అతనికి మంచినీళ్ళు ఇచ్చి వచ్చేవాళ్ళు. ఇంట్లో పోపు పెట్టినా శబ్దం లేనట్టుండేది. పండగ లేదు, పబ్బం లేదు, ఎవరూ పోలేదు, అయినా మైలపట్టినట్టు ఉండేది ఇల్లు.

ఉస్తాద్ రిక్షాలో వచ్చాడు. చేసిన కంటికి దూదికట్టు, రెండో కన్ను ఎలాగూ మసకే, పైన నల్లద్దాలు. తల వంచొద్దన్నారట, నవ్వొద్దన్నారట, దగ్గొద్దన్నారట. చెయ్యి పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టాం.

"గల్లీల అందరూ చెప్పిన్రు. మన టాక్సీ అబిడ్స్ల తమాషా చూపించిందంట గద?"

"నేను చెడగొట్టాను ఉస్తాద్" అన్నాడు మా ఆయన.

ఉస్తాద్ చెయ్యి చాచాడు. మా ఆయన నాలుగో పిస్టన్ రింగు ఆ చేతిలో పెట్టాడు. ఉస్తాద్ దాని కొసల్ని బొటనవేలితో ఒకసారి, గోరుతో ఒకసారి తడిమాడు.

"నువ్వు కాదు. దవాఖానల పండుకొని పది రోజులు గిదే అనుకున్న. నాలుగోదాన్ని మంచిగ చూసిన్నో లేదో అని. గేజిల ఒక రేకుకు ఇంకో రేకు పట్టుకున్ననేమో."

ఇక నావల్ల కాలేదు. పరదా దాటి వచ్చాను. "మీరూ కాదు, ఆయనా కాదు బాబాయిగారూ. కుళాయి వచ్చిందని మధ్యలో లేచాను. నేనే కలిపేశాను" అని ఏడ్చేశాను.

టాక్సీ వెనక సీట్లోంచి డ్రైవరు లేచి కూర్చున్నాడు. "అరె, నా బండిని ఖరాబు చేసింది నేనంటే నేనంటరేంది? ఇన్ని రోజులు ఒక్కరు గూడ దొరకకపోతిరి, ఇయ్యాల ముగ్గురైన్రు!"

ఎవరూ నవ్వలేదు. ఉస్తాద్ "గోనె పరువు బిడ్డా" అన్నాడు. పరిచాను. పీట మీదినుంచి తల వంచకుండా, చేత్తో గోనెను తడుముకుంటూ, తన కుడిచేతి వైపు అంచున తట్టాడు.

"ఒకటోది గీడ పెట్టిన. తర్వాత రెండు, మూడు. నాలుగోది గా కొసకు. నువ్వు తీసినప్పుడు గట్లనే ఉండెనా?"

"అలాగే ఉన్నాయండీ, నాలుగూ వరసగా" అన్నాను. ఏది ఒకటో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఏ చోటునుంచి తీస్తే ఆ చోటనే పెట్టడమే నాకు తెలుసు.

మా ఆయన మాత్రం ఉస్తాద్ పక్కన నిలబడి గోనె వైపు వింతగా చూస్తున్నాడు.

"అక్కడ ఒకటోదా? అక్కడున్నది నాలుగోది కదా?"

"నాలుగోది గీడెందుకుంటదిరా?"

"నేను ఈ పీట మీదే కూర్చున్నాను. ఇటునుంచి మొదలుపెట్టాను" అని మా ఆయన ఎడమ కొసను చూపించాడు. "ఐదేళ్ళుగా చూస్తున్నాగా, మీరు ఒకటోది తీసేది ఎడమ కొసనుంచే."

"నేను ఎడమ కొసకెళ్ళి ఎప్పుడు తీసిన?"

అప్పుడు మా ఆయన గబగబా గోనె చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి, ఐదేళ్ళు కూర్చున్న తన పాతచోట గొంతుక్కూర్చున్నాడు. ఉస్తాద్ తట్టిన చోటు సరిగ్గా ఆయన ఎడమచేతి కింద ఉంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నోరు తెరిచాడు.

ఉస్తాద్‌కి ఇంకా అందలేదు. "ఏందిరా, మాట్లాడు. నాకు కనపడ్త లేదు."

"మీ కుడి నాకు ఎడమ ఉస్తాద్. ఎదురుగా కూర్చున్నన్నాళ్ళూ ఇద్దరికీ ఒకటోది ఒకటే. మీ పీట మీద కూర్చునేసరికి తిరగబడింది. కానీ మీరు కుడినుంచి ఎందుకు మొదలుపెడతారు?"

"మరి ఏడికెళ్ళి మొదలుపెడతరు? ఉర్దూల అలీఫ్ బే ఏడికెళ్ళి రాస్తరు? కుడికెళ్ళే గద!"

అన్నాక ఆయనకే తట్టింది. భుజాలు కదిలాయి. "నవ్వియ్యకున్రి. నవ్వితే కుట్లు తెగుతయన్నడు డాక్టర్" అంటూ దూదికట్టు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నోరు బిగబట్టి నవ్వాడు. డ్రైవరు తలుపు మీద కొట్టి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. నేను కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

నవ్వు ఆగాక ఉస్తాద్ గొంతు మారింది.

"కుడి ఎడమ తప్పు నాది. ఇన్నేండ్లు ఎదురుంగ కూసోపెట్టుకున్న, ఒక్కనాడన్న పక్కన కూసోపెట్టుకోలె. గని నీ తప్పు ఇంకోటున్నది. బోరుల రింగు పెట్టి ఎందుకు చూడలె?"

మా ఆయన తల దించుకున్నాడు. "మీరు చూశారు కదాని."

"నేను చూసిన్న? నేను గుడ్డోన్ని, నీకు తెల్వదా? ఒక్కసారి గేజి పెడితే అప్పుడే దొరుకుతుండె. నా మీద అదబు చూపించినవ్. అదబు బోరుల పట్టది."

అదబు అంటే మర్యాద. ఆ మాట మా ఇంట్లో తర్వాత చాలా ఏళ్ళు నడిచింది.

"తాళంచెవి ఇంటాయనకిచ్చేయండి ఉస్తాద్" అన్నాడు మా ఆయన.

"ముందుగాల బండి కట్టు. దాని మొగడు వారం రోజుల సంది సీట్ల పండుకుంటున్నడు."

బోరు గీతలు సానరాయితో తుడిచారు. కొత్త రింగులు వచ్చాయి. ఉస్తాద్ పీట వదిలి ఎదుటి పక్కన, మా ఆయన పాతచోటులో, బస్తా వేసుకుని కూర్చున్నాడు. మా ఆయన పీట మీద. ఈసారి ఒక్కో రింగునూ బోరులో దించి, పిస్టన్ నెత్తితో తోసి సమం చేసి, గేజి పెట్టి చూశాడు. అరగదీశాడు. మళ్ళీ చూశాడు. ఉస్తాద్ చెవితోనే చూస్తున్నాడు. ఆకురాయి చప్పుడు వింటూ తల పక్కకు పెట్టాడు. నాలుగో బోరు రింగు దగ్గర, "చాలలె. ఇంక రెండు రుద్దులు రుద్దు" అన్నాడు.

మా ఆయన చెయ్యి ఆకురాయి మీదికి పోయింది. ఆగింది. రింగును మళ్ళీ బోరులో పెట్టి, గేజి రేకు దూర్చి, వెలుగు వైపు తిప్పి చూశాడు.

"వద్దు ఉస్తాద్. సరిపోయింది."

"రుద్దమంటున్న."

"రుద్దితే ఎక్కువవుతుంది. నేను చూశాను."

ఆ షెడ్డులో ఉస్తాద్‌కు ఎదురు చెప్పిన మనిషిని నేను చూడలేదు. ఆయన నల్లద్దాలు అలాగే మా ఆయన వైపు పెట్టి కూర్చున్నాడు. ఇంకేమీ అనలేదు. తర్వాతి రింగుకు కూడా ఏమీ అనలేదు. పిస్టన్లు నాలుగూ దిగాక, రిక్షా పిలవమన్నాడు. చెయ్యి పట్టుకుని రిక్షా ఎక్కించి వచ్చేసరికి, ఆయన కూర్చున్న బస్తా మీద తాళంచెవి ఉంది. నేను పట్టుకుని పరిగెత్తాను.

"బాబాయిగారూ, తాళంచెవి మరిచిపోయారు!"

"మరవలె బిడ్డా" అని రిక్షా అతని వీపు తట్టాడు, పొమ్మని.

టాక్సీ నడిచింది. డ్రైవరు అబిడ్స్ నుంచి స్టేషనుకు వచ్చినప్పుడల్లా గల్లీ మొదట్లో హారను కొట్టేవాడు. "ఇప్పుడు రింగులేసినవ్" అని అరిచి పోయేవాడు.

తర్వాత నేను గోనెను వదల్లేదు. ముగ్గుపిండి నిలవదని సున్నం నీలిమందుతో కలిపి, గోనె మీద ఒకచోట ఒక చుక్క, పక్కన రెండు చుక్కలు, తర్వాత మూడు, తర్వాత నాలుగు పెట్టాను. చుక్కలకు కుడి ఎడమా లేదు, ఉర్దూ తెలుగూ లేదు. కిరసనాయిలుకు చెరిగిపోతే మళ్ళీ పెట్టేదాన్ని. నెలకోసారైనా పెట్టాల్సి వచ్చేది. కుళాయి వచ్చినప్పుడు మాత్రం పిస్టన్ చేతిలో ఉంటే లేచేదాన్ని కాదు. బిందెలు పిల్లలు పట్టేవాళ్ళు.

ఉస్తాద్ లావు అద్దాలు పెట్టుకుని చాలా ఏళ్ళు వచ్చాడు. మధ్యాహ్నం వచ్చి, ఎదుటి పక్కన బస్తా మీద కూర్చుని, పేపరు తన మొదటి పేజీ నుంచి చదువుకునేవాడు. నా చుక్కల్ని చూసి, "వీడి గోనె మీద సదువు రాని మనిషి లెక్కలు రాసింది" అని వచ్చినవాళ్ళకు చూపించేవాడు. పని మొదలుపెట్టే ముందు మా ఆయన ప్రతిసారీ అడిగేవాడు, ఒకటోది ఎటు ఉస్తాద్ అని. నా కుడికి అనేవాడాయన. నా ఎడమకి అనేవాడు ఈయన. నేను మాత్రం ఒక చుక్క ఉన్నచోట పిస్టన్ పెట్టి, నడుం పట్టుకుని లేచి, రెండోదానికి కిరసనాయిలు పోసుకునేదాన్ని.